ఆడటం కంటే నేర్పడం మీదే మనసు పోతోంది (స్నూకర్) – ఎవరికైనా ఇలా అయిందా?

నాగావళి_గట్టు (రాయగడ) · జూన్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా పెళ్లి సంబంధాలు, బదిలీలు, పిల్లలకి తెలుగు చదవడం రావట్లేదన్న గోడు నడుస్తుంటుంది. స్నూకర్ (గుడ్డ పరిచిన బల్ల మీద కర్రతో బంతులు కొట్టి పాకెట్లలో వేసే ఆట) గురించి రాస్తే ఎవరైనా చదువుతారో లేదో తెలీదు. అయినా రాస్తున్నాను.

నాది మందుల షాపు. 1998లో, డిగ్రీ రెండో ఏడాదిలో క్యూ (ఆ కొట్టే కర్ర) పట్టుకున్నాను. ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో ఒకే ఒక్క టేబుల్ ఉండేది, మా మావయ్య అక్కడ మెంబరు. స్కోరు రాసే మార్కర్ తాతే నా గురువు. గురువంటే పాఠాలేమీ చెప్పలేదు. తప్పు కొడితే గొంతు సవరించుకునేవాడు, బాగా కొడితే క్యూ కొసకి రాసే చాక్ ముక్క నా వైపు తోసేవాడు. అంతే. క్లబ్బు మూతపడ్డాక బజారులో స్నూకర్ పార్లరుకి మారాను. షాపు కట్టేశాక రోజూ ఒక గంట, ఓడినోడు టేబుల్ డబ్బులు కట్టే పద్ధతి. విజయనగరం, విశాఖ టోర్నమెంట్లకి నాలుగైదుసార్లు రైలెక్కాను గానీ రెండో రౌండు దాటలేదు. నా పెద్ద బ్రేక్ (మిస్ కాకుండా వరసగా కొట్టిన పాయింట్లు) 68. ఇరవై ఏడేళ్లకి 68 ఏంటని నవ్వుకోండి, పర్లేదు.

ఇప్పుడు సంగతి. పార్లరు కింద టీ కొట్టు ఉంది. ఆ కొట్టాయన కొడుకు తొమ్మిదో తరగతి. ఖాళీ గ్లాసులు తీసుకెళ్లడానికి పైకి వచ్చి, గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయేవాడు. కింద నుంచి వాళ్ల నాన్న అరిస్తే గానీ కదిలేవాడు కాదు. ఫిబ్రవరిలో ఒకరోజు నాతో ఆడాల్సిన ఆయన రాలేదు, టేబుల్ టైము నడుస్తోంది. "రారా, కొడతావా" అన్నాను. బ్లూ బంతిని దాని చోట పెట్టి, మూల పాకెట్‌కి సరిగ్గా వరసలో వచ్చేలా వైట్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) పెట్టాను. పది కొట్టాడు. తొమ్మిది పాకెట్‌కి కుడిపక్కే తగిలాయి. "కొంచెం ఎడమకి కొట్టరా" అన్నాను. అప్పుడు ఎడమపక్క తగిలాయి. నాకు తెలిసిన వైద్యం అంతటితో అయిపోయింది.

రాత్రి పడుకున్నాక తట్టింది. అన్ని దెబ్బలూ నేను బంతినే చూశాను, వాణ్ని చూళ్లేదు. మర్నాడు పాకెట్ దగ్గర కాకుండా వాడి వెనకాల నిలబడ్డాను. క్యూ వెనక్కి లాగినప్పుడు మోచెయ్యి బయటికి తిరుగుతోంది, ముందుకి తోసినప్పుడు డొక్కలోకి వచ్చేస్తోంది. టేబుల్ చుట్టూ ఇన్నేళ్లు తిరిగాను, ఎవరి మోచెయ్యీ చూడలేదు. ఎదుటోడు ఎప్పుడు మిస్ చేస్తాడా అని కుర్చీలో కూర్చోడమే తెలుసు.

షాపు నుంచి దగ్గు మందు ఖాళీ సీసా తెచ్చి టేబుల్ మీద పడుకోబెట్టాను. బంతి లేదు, పాకెట్ లేదు. సీసా మూతిలోకి క్యూ కొస వెళ్లి రావాలి, గాజుకి తగలకూడదు. మొదటిరోజు టింగుటింగుమని ఒకటే మోత, పక్క టేబుల్ వాళ్లు విసుక్కున్నారు. పదకొండో రోజు ఇరవైసార్లు పోనిచ్చాడు, చప్పుడు లేదు. అప్పుడు బ్లూ పెట్టాను. పదికి ఆరు పడ్డాయి.

ఆ రోజు నా ఫ్రేము (ఒక ఆట) ఆడకుండానే ఇంటికి బయల్దేరాను. మెట్లు దిగాక గుర్తొచ్చింది. మళ్లీ ఎక్కబుద్ధి కాలేదు.

ఇప్పుడు ముగ్గురు పిల్లలు వస్తున్నారు. నా దగ్గర సర్టిఫికెట్టూ లేదు, పేరూ లేదు. షాపులో చీటీ చదువుతూ కూడా ఎవడి చెయ్యి ఎటు పోతోందో అదే ఆలోచన. మీలో ఎవరికైనా ఇలా మనసు మళ్లిందా? ఇది మంచిదేనా, లేక ఆట చేతకాక వేసుకుంటున్న వేషమా?

బల్లార్షా_పోరడు (బల్లార్‌పూర్) · జూన్ 8, రాత్రి 11:25

అన్నా, మస్తు రాసినవ్. మా బాపు బొగ్గు గనిల జేసిండు. ఆఫీసర్ల క్లబ్బుల టేబుల్ ఉండె, మాకు కిటికీలకెళ్లి దర్శనమే. మార్కర్ మా గల్లీ కాకనే, ఎండాకాలం పగటీలి ఆఫీసర్లు రానప్పుడు చప్పుడు చెయ్యకుండ లోపటికి తోలుతుండె. "బంతికి బంతి తగిలితె కూడ బయటికి ఇనబడొద్దు" అంటుండె. గందుకే నాకు ఇప్పటికీ మెల్లగ కొట్టుడే అలవాటు.

ఒక్క ముచ్చట అడుగుత. నేర్పుడు షురూ చేసినంక నీ ఆట బాగైందా, ఖరాబైందా?

నాగావళి_గట్టు · జూన్ 9, ఉదయం 6:15

ముందు ఖరాబైంది తమ్ముడూ. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు పడుతోందా అని చూసుకుంటే ఏమవుతుంది? అదే అయింది. నెలరోజులు వరసగా టేబుల్ డబ్బులు నేనే కట్టాను.

తర్వాత ఆ గుంటడే ఒక మాట అన్నాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఒడియా. "ఆజ్ఞా (మన 'అయ్యా' లాంటిది), మీరు కొట్టగానే లేచిపోతున్నారు. నన్ను మాత్రం లేవొద్దంటారు" అన్నాడు. నిజమే. బంతి పడిందో లేదో చూసే తొందరలో దెబ్బతోపాటు తలకాయ లేచిపోతోంది. మార్కర్ తాత అన్నేళ్లు గొంతు సవరించుకున్నది దీనికేనేమో!

బరంపురం_బడాబజార్ (బరంపురం) · జూన్ 9, మధ్యాహ్నం 1:50

ఏమీ అనుకోకండి గురువుగారూ, నిష్ఠూరంగా ఉన్నా చెప్తాను. 68 కొట్టిన ఆయన దగ్గర నేర్చుకున్నోడు 68 దగ్గరే ఆగుతాడు.

ఊరికే అనట్లేదు. నాకు పాతికేళ్లప్పుడు ఒక పెద్ద ఊళ్లో ఇలాంటి కోచే దొరికాడు. మంచివాడే, డబ్బు కూడా తీసుకోలేదు. "నీ నిలబడ్డం తప్పు" అని కాళ్లు మార్చాడు, పట్టు మార్చాడు. తన ఒంటికి కుదిరింది నా ఒంటికి తొడిగాడు. అతను ఐదడుగుల నాలుగంగుళాలు, నేను ఆరడుగులు. రెండేళ్లు పోయాయి. పాత ఆట పోయింది, కొత్తది రాలేదు. పిల్లలంటే మైనపు ముద్దలు, వాళ్ల మీద మన సరదా తీర్చుకోకూడదు.

లెక్కల_మేస్టారు (గుణుపురం) · జూన్ 9, సాయంత్రం 5:30

బడాబజార్ గారి బాధ అర్థమైంది గానీ లెక్క కుదర్లేదు. ముప్ఫై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. నాకంటే బాగా చేసే పిల్లలు ఏడాదికి ఇద్దరైనా తగిలేవారు. నాకు రానిదాని దగ్గరే వాళ్లు ఆగిపోతే ఇంజనీర్లు ఎలా అయ్యారు? పంకజ్ అద్వానీ 2003లో పద్దెనిమిదేళ్లకే స్నూకర్‌లో ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు. అతని గురువు అరవింద్ సవూర్ జాతీయ స్థాయిలో ఆడినవారే, కానీ శిష్యుడు తెచ్చిన ప్రపంచ టైటిళ్లు గురువు తేలేదు కదా. అటువైపు విల్సన్ జోన్స్ ఉన్నారు. 1958లో కలకత్తాలో, మళ్లీ 1964లో, ఇదే టేబుల్ మీద ఆడే బిలియర్డ్స్‌లో ప్రపంచ విజేత. నేర్పినందుకు 1996లో ద్రోణాచార్య అవార్డు కూడా ఇచ్చారు. రెండు రకాలూ ఉంటాయి.

రాయగడ బాబుకి ఒక ఉపకారం చేస్తాను. మన పిల్లలందరూ క్యారమ్స్ మీంచి వస్తారు, అదే చిక్కు. క్యారమ్ స్ట్రైకర్ 15 గ్రాముల దాకా ఉంటుంది, బిళ్ల అయిదు, అయిదున్నర. బరువైంది తేలికైనదాన్ని కొడుతుంది కాబట్టి తగిలాక కూడా ముందుకే పోతుంది. స్నూకర్‌లో అన్నీ 52.5 మిల్లీమీటర్ల బంతులే, బరువు కూడా ఒకటే. అందుకని వైట్ దొర్లకుండా జారుతూ వెళ్లి తిన్నగా తగిలితే ఉన్నచోటే ఆగిపోతుంది. ఏటవాలుగా తగిలితే రెండు బంతులూ లంబకోణంలో విడిపోతాయి. దొర్లుతూ వెళ్లి తగిలితే మాత్రం వైట్ ఆ గీత మీంచి ముందుకి వంగుతుంది. కొత్తగా వచ్చినవాడు మూడింటినీ ఒకటే అనుకుంటాడు. వైట్ పాకెట్‌లో పడగానే "దురదృష్టం" అంటాడు. దురదృష్టం కాదు నాయనా, దొర్లింది.

ఇంకోటి. వైట్ నడిమధ్యని ఎదుటి బంతి అంచుకి గురిపెడితే ఆ బంతి 30 డిగ్రీలకి పోతుంది. తగిలే క్షణంలో రెండు బంతుల కేంద్రాల మధ్య దూరం రెండు వ్యాసార్ధాలు, పక్కకి జరిగింది ఒక వ్యాసార్ధం. ఒకటి బై రెండు, సైన్ 30. ఇది మా మనవడికి చెప్తే "ఈ సైన్ పరీక్షలో వచ్చేదే కదా తాతా, ఇక్కడేం చేస్తోంది" అన్నాడు.

చాందా_పూల్ (చంద్రపూర్) · జూన్ 10, రాత్రి 9:05

అన్నలకు నమస్తే. నేను తొమ్మిదడుగుల పూల్ టేబుల్ మీద నేర్చుకున్న, ఇప్పుడు పన్నెండడుగుల స్నూకర్ టేబుల్ మీద ఆడుతున్న. స్క్రూ బ్యాక్ (ఎదుటి బంతికి తగిలినంక వైట్ ఎనుకకు వచ్చుడు) అస్సలు వస్తలేదు. దోస్తులు "కొట్టి జల్ది ఎనుకకు గుంజు" అంటున్నరు. ఎంత గుంజినా వైట్ ఆడనే ఆగుతుంది. ఎవరన్న చెప్పున్రి.

నాగావళి_గట్టు · జూన్ 10, రాత్రి 11:10

తమ్ముడూ, గుంజితే రాదు. నేనూ పదేళ్లు అదే అనుకున్నాను, మా గుంటలకి మొదట్లో అదే చెప్పాను కూడా. సిగ్గుచేటు.

టిప్ వైట్‌ని (టిప్ అంటే క్యూ కొస) తాకేది కంటి రెప్ప పాటు కూడా కాదు. నువ్వు వెనక్కి గుంజేటప్పటికి వైట్ ఎప్పుడో వెళ్లిపోయింది. అది వెనక్కి రావాలంటే వెనక్కి తిరుగుతూ వెళ్లి తగలాలి, ఆ తిరుగుడు కింద కొట్టడం వల్ల వస్తుంది. కాబట్టి టిప్ కిందికి దించు. దించడమంటే వెనక చెయ్యి పైకెత్తడం కాదు, క్యూ ఆనించే ముందు చేతి బ్రిడ్జ్‌ని చదును చెయ్యడం. క్యూ వీలైనంత గుడ్డకి సమంగా ఉండాలి. కొట్టాక వెనక్కి కాదు, ముందుకి పోనీ, వైట్ ఉన్నచోటు దాటి జానెడు. పిల్లలకి ఇది ఎంతకీ నమ్మకం కుదరదు. వెనక్కి రావాల్సిన బంతికి ముందుకి తొయ్యమంటాడేంటి అని మొహం చూస్తారు.

ఇక టేబుల్ మారిన సంగతి. గుడ్డ రాపిడి ఆ తిరుగుడుని దారి పొడుగునా తినేస్తుంది. వైట్‌కీ ఎదుటి బంతికీ మధ్య నాలుగడుగులు పెట్టుకుని ఇప్పుడే మొదలెట్టకు. ఒక్క అడుగు పెట్టుకో. అక్కడ జానెడు వెనక్కి వచ్చాక ఇంకో అరడుగు జరుపు. వారం పడుతుంది. టిప్‌కి చాక్ రాయడం మర్చిపోకు, కింద కొట్టినప్పుడు టిప్ జారేది చాక్ లేకే.

చాందా_పూల్ · జూన్ 13, రాత్రి 10:30

అన్నా వచ్చింది!! జానెడు కాదు, బెత్తెడు. కానీ వచ్చింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) · జూన్ 15, మధ్యాహ్నం 3:20

అందరికీ నమస్తే. నేను ఆట తెలియని మనిషిని. మా అమ్మాయికి పన్నెండేళ్లు. సెలవులకి బరంపురంలో మా తమ్ముడింటికి వెళ్లి వాడితోపాటు రెండుసార్లు పార్లరుకి పోయింది. అప్పట్నుంచి ఇంట్లో చీపురు పుల్ల, నిమ్మకాయలు కనిపిస్తే చాలు, బల్ల మీద ఆటే. వాళ్ల నాన్నగారు "అక్కడ సిగరెట్లు, పందేలు, ఆడపిల్లని ఎలా పంపుతాం" అంటున్నారు. కాదనలేకపోతున్నాను, ఆయన అన్నది అబద్ధం కాదు. అన్నయ్యగారూ, ఈ ఆటలో ఆడపిల్లలకి దారి ఉందా?

జయపురం_జంక్షన్ (జయపురం) · జూన్ 15, సాయంత్రం 7:45

అమ్మా, నేను పార్లరు నడిపేవాణ్ని, కాబట్టి నిజం చెప్తాను. మీవారు అన్నది రాత్రి ఎనిమిది తర్వాత నూటికి నూరుపాళ్లు నిజం. పందెం కాసేవాళ్లు రాకపోతే నాకు కరెంటు బిల్లు వెళ్లదు. కానీ పొద్దున్న పది దాకా టేబుళ్లు ఖాళీయే. పోయిన ఏడాది నుంచి ఏడు నుంచి తొమ్మిది దాకా పిల్లలకి ఇచ్చేస్తున్నాను, సగం రేటు. ఆ టైములో సిగరెట్టు లేదు, పందెం లేదు, తల్లిదండ్రులకి కుర్చీలు వేస్తాను. లాభం పెద్దగా లేదు గానీ పొద్దున్నే లైట్లు వెలిగితే పార్లరుకి ఓ మర్యాద వచ్చింది. అంతకుముందు నాకు ఇల్లు అద్దెకివ్వడానికే ఆలోచించేవారు!

మీ ఊళ్లో ఎవరిదైనా టేబుల్ ఉంటే ఆ పొద్దుటి పూట అడగండి. ఒక్క హెచ్చరిక, వానాకాలం మొదలైతే గుడ్డకి తేమ పడుతుంది, బంతి బురదలో నడిచినట్టు నడుస్తుంది. పెద్ద టోర్నమెంట్లలో గుడ్డ కింద ఉండే రాతి పలక కిందే హీటర్లుంటాయి, మనకెక్కడివి. పాప దెబ్బ సరిపోవట్లేదని ఏడిస్తే టేబుల్‌ని తిట్టండి, పాపని కాదు.

నాగావళి_గట్టు · జూన్ 15, రాత్రి 10:50

అమ్మా, దారి ఉంది. 2017లో సింగపూర్‌లో ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్ ఆడింది మన విద్యా పిళ్లై. 5–6, ఒక్క ఫ్రేము తేడాతో పోయింది. పన్నెండేళ్లకి చెయ్యి అందదని భయపడకండి. దూరపు బంతులకి క్యూ కింద పెట్టుకునే రెస్ట్ అనే కర్ర ఉంటుంది, అందరూ వాడేదే. మొదటి రెండు నెలలు మాత్రం పాప పాయింట్లు ఎన్ని కొట్టిందని అడక్కండి. వైట్ ఒక్కటే పెట్టి, బ్రౌన్ చోటు నుంచి టేబుల్ నడుమ వరసగా ఉండే బ్లూ, పింక్, బ్లాక్ చుక్కల మీదుగా అవతలి గట్టుకి, అంటే పై కుషన్‌కి కొట్టించండి. అది అదే గీత మీద వెనక్కొచ్చి టిప్‌ని తాకాలి. పక్కకి వచ్చిందంటే వైట్‌ని నడిమధ్య కొట్టలేదన్నమాట. ఇందులో దాపరికం లేదు, ఎవరూ తిట్టక్కర్లేదు, బంతే చెప్పేస్తుంది.

బల్లార్షా_పోరడు · జూన్ 15, రాత్రి 11:30

అక్కా పంపుండ్రి. ఇంకో ముచ్చట. ఈ ఆట 1875ల జబల్‌పూర్‌ల ఫౌజు ఆఫీసర్ల మెస్‌ల పుట్టింది, మాకు నాగ్‌పూర్ దాటితె ఆ తొవ్వనే. ‘స్నూకర్’ అంటె అప్పట్ల వాళ్ల మిలిటరీ కాలేజీల కొత్తగ చేరినోనికి పెట్టిన పేరు. ఎవరో అల్కటి బంతి మిస్ జేస్తె చాంబర్లేన్ అనే ఆఫీసరు వాణ్ని "స్నూకర్" అన్నడట. అట్ల ఆటకే ఆ పేరు పడ్డది. అంటే కొత్తోని పేరు మీదనే ఆట నడుస్తుంది, పాప ఎందుకు భయపడాలె?

బరంపురం_బడాబజార్ · జూన్ 16, ఉదయం 8:10

నా మాట మీద నేనున్నాను. అయినా రాయగడ ఆయన గుంజుడు గురించి రాసింది చదివాక ఒక్కటి అడగాలనిపించింది. ఆ టీ కొట్టు కుర్రాడి కన్ను ఏదో చూశారా?

అందరికీ ఒక కన్ను పెత్తనం చేస్తుంది. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న కన్నం వదిలి, దాంట్లోంచి గోడ గడియారాన్ని చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమైందో అదే పెత్తందారు. జో డేవిస్ 1927 నుంచి 1946 దాకా పదిహేనుసార్లు ప్రపంచ ఛాంపియన్. కుడికన్ను చూపు సరిగా లేక ఎడమ కన్ను కింద క్యూ పెట్టుకుని ఆడేవాడు. అందరికీ గడ్డం నడిమధ్యే క్యూ ఉండాలని లేదు.

నా కోచ్ ఇది చూళ్లేదు. నేను అడగలేదు.

నాగావళి_గట్టు · జూలై 19, రాత్రి 11:05

ఆలస్యంగా రాస్తున్నాను. రథయాత్ర, తర్వాత షాపులో జ్వరాల సీజను.

బడాబజార్ గారూ, గడియారం పరీక్ష ఆ మర్నాడే పెట్టాను. కుర్రాడు కుడిచేతి వాటం, పెత్తనం ఎడమ కన్నుది. క్యూ గడ్డం మధ్య పెట్టించింది నేనే. వాడు తనకి కనిపించే గీతకి క్యూని తెచ్చుకోడానికి తెలియకుండానే భుజం తిప్పుకుంటున్నాడు, దాంతో మోచెయ్యి తిరుగుతోంది. నేను కనిపెట్టానని పొంగిపోయిన మోచెయ్యి జబ్బు కాదు, జ్వరం లాంటిది. సీసాతో జ్వరం తగ్గించాను, లోపలున్నది చూళ్లేదు. మందుల షాపువాణ్ని, నాకే తెలియాలి!

గడ్డం ఒక అంగుళం పక్కకి జరిపించాను. నాలుగు రోజులు తిక్కతిక్కగా కొట్టాడు. నాకు నిద్ర పట్టలేదు, మీ రెండేళ్ల కథే గుర్తొచ్చింది. ఐదో రోజు పదికి ఎనిమిది. నేను ఏమీ అనలేదు. చాక్ వాడి వైపు తోశాను. "ఆజ్ఞా" అన్నాడు. వాడు దేనికైనా అదే అంటాడు, అర్థమైనా, అవకపోయినా. అందుకే ఇప్పుడు "అర్థమైందా" అని అడగడం మానేసి "ఏదీ, నాకు నేర్పు" అంటున్నాను. వాడు చెప్తుంటే నేను ఎక్కడ సరిగా చెప్పలేదో తెలిసిపోతోంది.

మిగతా ఇద్దరికీ కూడా పరీక్ష పెట్టాను. ఒకడిది కుడి కన్ను. ఇంకొకడు రెండు కళ్లూ ఒకటే అంటున్నాడు, వాడి మాట నమ్మలేం.

మహేంద్రతనయ · జూలై 20, ఉదయం 7:30

అన్నయ్యగారూ, మా ఊళ్లో పొద్దుటి పూట ఒక టేబుల్ దొరికింది. మా ఆయన కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చుంటున్నారు. నిన్న పేపరు పక్కన పెట్టి "తిన్నగా రాలేదే, ఇంకోసారి" అన్నారట.

బరంపురం_బడాబజార్ · జూలై 20, ఉదయం 9:40

వచ్చే ఆదివారం మా మరదలి గారింటికి రాయగడ వస్తున్నాను. మజ్జిగౌరి దర్శనం అయ్యాక ఖాళీయే. క్యూ తెచ్చుకోమంటారా? నా నిలబడ్డం ఎలా ఉందో ఎవరైనా చూసి ఇరవై ఏళ్లయింది. టేబుల్ డబ్బులు ఓడినోడివే.

నాగావళి_గట్టు · జూలై 20, ఉదయం 9:55

తప్పకుండా రండి. మీరు మా కుర్రాడితో ఆడండి, నేను వెనకాల కుర్చీ వేసుకుంటాను. వాడు ఓడితే డబ్బులు నావి.

బల్లార్షా_పోరడు · జూలై 20, రాత్రి 10:15

అన్నా, మా గల్లీ పోరగాళ్లు ఇద్దరు తయారైన్రు. గా సీసా ఏ సైజుది? చిన్నదా పెద్దదా?

నాగావళి_గట్టు · జూలై 20, రాత్రి 10:40

100 ఎం.ఎల్. వేడినీళ్లతో కడిగి, తలకిందులుగా ఎండబెట్టు. లేకపోతే క్యూ కొస జిగురెక్కి మూడు రోజులు తియ్యటి వాసన వస్తుంది, చీమలు కూడా పడతాయి.